పేడ ఎత్తే రోబో మన గొడ్ల చావిడికి పనికొస్తుందా? మా చావిడిలో వాటం మార్చాక నాకు తెలిసినవి

మాది కంకిపాడు. ఎనిమిది గ్రేడెడ్ ముర్రా గేదెలు, నాలుగు ఒంగోలు ఆవులు ఉన్నాయి. నాలుగున్నర ఎకరాల్లో వరి, దాని వెనక మినుము, కొంచెం కూరగాయలు ప్రకృతి వ్యవసాయంలో చేస్తున్నాం. మిగిలిన పేడతో ఘనజీవామృతం తయారుచేసి అమ్ముతాను. పాల డబ్బులు దాణాకీ గడ్డికీ సరిపోతే, ఇంట్లోకి వచ్చేది ఈ ఘనజీవామృతం మీదే. పేడ విషయంలో నేనింత పట్టుగా ఉండటానికి కారణం అదే.

గేదె రోజుకి 20 కిలోలకు అటూ ఇటూ పేడ వేస్తుంది. ఒంగోలు ఆవు 10, 12 కిలోలు. లెక్కేస్తే మా చావిడిలో రోజుకి రెండు క్వింటాళ్ళు. పన్నెండేళ్ళు ఒకావిడ దాన్ని చేత్తో గంపకెత్తి, నెత్తిన పెట్టుకుని దిబ్బ దాకా మోసింది. కిందటేడు మెడనొప్పి, భుజం నొప్పి అని మానేసింది. వేరేవాళ్ళు ఎవరూ రాలేదు, వచ్చినా వారం ఉండలేదు. నేను డిప్లొమా చదివినప్పుడు పశుపోషణ ఖర్చుల పట్టికలో ‘కూలీ’ అని ఒక వరస ఉండేది. ఆ వరసలో రోజుకి రెండు క్వింటాళ్ళు మోసే మెడ ఉందని నాకు అప్పటిదాకా తట్టలేదు, నిజం చెప్తున్నా.

తర్వాత ఆ పని అమ్మ మీద పడింది. శ్రావణమాసంలో ఒకరోజు తెల్లారుజామున పేడనీళ్ళ మీద జారి పడింది. మణికట్టు విరిగింది. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్లో రోబోల వీడియోలు చూశాను.

రోబో ఏం చేస్తుంది

నెదర్లాండ్స్‌లో లేలీ అనే కంపెనీ ‘డిస్కవరీ’ పేరుతో ఈ రోబోలు తయారుచేస్తోంది. చూడ్డానికి చిన్న ఇనప పెట్టెలా ఉంటుంది, బ్యాటరీతో నడుస్తుంది. ఫోన్లో దారి పెడితే గోడ వెంబడి నెమ్మదిగా తిరుగుతూ పని చేస్తుంది. చార్జింగ్ అయిపోతే తన స్టేషన్‌కి తనే వెళ్ళి ఆగుతుంది. వీటిలో రెండు రకాలున్నాయి. సందులున్న కాంక్రీటు పలకల నేల మీద పేడని ఆ సందుల్లోంచి కింది గోతిలోకి నెట్టేది మొదటి రకం. 2016లో వచ్చిన ‘కలెక్టర్’ అనేది రెండో రకం. ఇది మామూలు గచ్చు మీద పేడని పీల్చుకుని, తొట్టి నిండాక తీసుకెళ్ళి ఒక చోట ఒంపుతుంది. నేల జారకుండా నీళ్ళు కూడా చల్లుకుంటుంది.

చూస్తుంటే ముచ్చటేసింది. చేతికి కట్టుతో అమ్మ కూడా చూసి ఒకే మాటంది: "ఒరే అబ్బాయ్, అది మన పెద్ద గేదె వెనక్కొస్తే తన్నకుండా ఊరుకుంటుందా?"

నవ్వులాటకి అన్నా, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ రోబో పశువుల్ని కట్టెయ్యని షెడ్ల కోసం చేసింది. అక్కడ ఆవులు తిరుగుతుంటాయి, నడవాలు వెడల్పుగా ఉంటాయి. మన దగ్గర పశువు గాడి దగ్గర పలుపుతో ఒకే చోట ఉంటుంది, పేడంతా దాని వెనక కాళ్ళ దగ్గరే పడుతుంది. రోబో అక్కడికి పోలేదు. పైగా మన పశువు తినేది ఎండు వరిగడ్డి. తొక్కిన గడ్డిపోచలు పేడలో కలిసి ఉంటాయి, పీల్చే మిషన్‌కి అవి గొంతులో ముల్లే. పన్నెండు పశువుల చావిడికి దాని ఖరీదు ఎటూ గిట్టదు.

ఇవన్నీ పక్కన పెట్టినా, ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి ఇంకో అభ్యంతరం ఉంది. జీవామృతానికి నేను ఒంగోలు ఆవుల పేడే వాడతాను. గేదెల పేడ గోబర్ గ్యాస్‌కి పోతుంది. మిషన్ తొట్టికి ఆ తేడా తెలియదు, దానికి దొరికిందంతా ఒకటే. పొదుగు వాపుకి యాంటీబయాటిక్ సూదులు వేయించుకున్న గేదె పేడ కూడా అందులోకే పోతుంది. ఆ పేడ జీవామృతం డ్రమ్ములో పడకూడదు.

గొలుసుతో లాగే ఆటోమేటిక్ స్క్రేపర్లు మన దేశంలో పెద్ద డెయిరీల్లో ఉన్నాయి. ఒక డీలర్ మా చావిడికీ ఒకటి బిగిస్తానని కొటేషన్ ఇచ్చాడు. వంద పశువుల నడవాకి పెట్టే సరుకుని పన్నెండింటికి అంటగట్టే బేరం అది. టీ ఇచ్చి పంపించాం.

వాళ్ళు ఎందుకు ఇంత తిప్పలు పడుతున్నారు

ఇక్కడ నుంచి కొంచెం జాగ్రత్తగా చదవండి, నాకు అసలు ఉపయోగపడింది ఈ విషయమే.

పశువు మూత్రంలో యూరియా ఉంటుంది. పేడలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. రెండూ నేల మీద కలిస్తే ఆ యూరియా విడిపోయి అమ్మోనియాగా గాల్లో కలిసిపోతుంది. తెల్లారి చావిడి తలుపు తియ్యగానే కళ్ళు మండేది దీనివల్లే. ఆ ఘాటు మన పొలానికి పోవాల్సిన నత్రజని. పల్చగా పరుచుకున్న కొద్దీ, ఎండ తగిలిన కొద్దీ ఎక్కువ పోతుంది.

నెదర్లాండ్స్‌లో ఇది దేశం మొత్తం గొడవ అయింది. 2019 మేలో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం నత్రజని కాలుష్యం మీద తీర్పు ఇచ్చింది. పశువుల సంఖ్య తగ్గించాలనే మాట వచ్చేసరికి ఆ అక్టోబరులో రైతులు ట్రాక్టర్లు వేసుకుని హేగ్ నగరానికి వెళ్ళారు. లేలీ వాళ్ళ ‘స్ఫియర్’ లాంటి ఏర్పాట్లు ఈ అమ్మోనియాని తగ్గించడానికే. మూత్రం నేలలోని చిన్న రంధ్రాల్లోంచి కిందికి దిగిపోతుంది, పేడ పైనే ఉంటుంది, దాన్ని రోబో తీసుకుపోతుంది. కింది గాలిని లాగి, అమ్మోనియాని ఆమ్లంతో పట్టి ఎరువుగా మారుస్తారు. హాన్స్‌క్యాంప్ అనే ఇంకో డచ్ కంపెనీ ఆవుకి ఏకంగా టాయిలెట్టే చేసింది, మూత్రం నేలని తాకకముందే పట్టేస్తుంది.

అంటే రోబో చేసే పని పేడ ఎత్తడమే కాదు. పేడనీ పంచితాన్నీ త్వరగా విడదీయడం, రోజుకి చాలాసార్లు తీయడం. ఈ రెండింటికీ రోబోయే అక్కర్లేదు, నేల సరిగ్గా ఉండాలి.

‘జీవామృతంలో మళ్ళీ రెండూ కలిపేదేగా’ అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. డ్రమ్ములో కలిపేటప్పుడు 200 లీటర్ల నీళ్ళు, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను ఉంటాయి, నీడ ఉంటుంది, పేడ 10 కిలోలు, పంచితం 10 లీటర్లు అని కొలత ఉంటుంది. గచ్చు మీద కలిసినదానికి కొలతా లేదు, కాపలా లేదు. పైగా పేడ ఎంత తాజాగా ఉంటే అంత మంచిది, పంచితం నిలవైనా పర్వాలేదు. రెండూ కలిసిపోయాక దేన్ని నిలవ పెడతాం?

మేం చేసింది

మా పాత గచ్చు వాటం గాడి వైపుకి ఉంది. ఎవరు వేశారో, నాన్నకీ గుర్తులేదు. పంచితం ముందుకి పారి గడ్డి కిందికి చేరేది. ముందు ఒంగోలు ఆవుల వరస తవ్వించి మళ్ళీ వేయించాం. వాటం 40కి 1. అంటే పశువు నిలబడే ఐదడుగుల్లో వెనక్కి అంగుళంన్నర పల్లం. అంతకంటే ఎక్కువ పెట్టకండి, చూడి పశువుకి వెనక కాళ్ళ మీద బరువు పడుతుంది. వెనక అడుగు వెడల్పు కాలవ, లోతు మూడంగుళాలే. లోతు ఎక్కువైతే పశువు కాలు మడతపడుతుంది, పార కూడా తిరగదు. గచ్చు నున్నగా తోమనివ్వకుండా పచ్చి మీద తాడుతో గాట్లు పెట్టించాం. మేస్త్రి ఒప్పుకోలేదు, పని నాసిగా కనిపిస్తుందని. అమ్మ చెయ్యి చూపించాను, ఇంకేం మాట్లాడలేదు.

కాలవ చివర రెండు దారులు పెట్టాం. మామూలుగా తెరిచి ఉండేది జల్లెడ మీదుగా నీడలో పాతిన మూత డ్రమ్ములోకి పోతుంది. రెండోది కడుగు నీళ్ళకి, అది గడ్డి మడికి పోతుంది. చావిడి కడిగే ముందు మొదటిదానికి గుడ్డ బిరడా కొట్టాలి. మొదటి వారం నేనే మర్చిపోయి డ్రమ్మంతా నీళ్ళపాలు చేశాను. ఇప్పుడు బిరడాకి ఎర్ర రిబ్బను కట్టి చీపురుకి తగిలించాం. చీపురు తీస్తే బిరడా చేతికొస్తుంది.

కడగడానికి ఫినాయిల్, బ్లీచింగ్ మానేశాం. సూక్ష్మజీవుల కోసం బెల్లం పోసేది మనమే, ఫినాయిల్ పోసి చంపేదీ మనమేనా? నీళ్ళతో కడిగి, ఆరాక తేమ ఉన్నచోట సున్నం చల్లుతున్నాం.

మోత కోసం విజయవాడ ఆటోనగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో రెండు చక్రాల బండీ, రెండడుగుల లాగుడు పారా చేయించాను. పార అంచుకి పాత కన్వేయర్ బెల్టు ముక్క బిగించారు. నిలబడే పేడని కాలవ చివరికి లాగి, అక్కడ నుంచి బండిలోకి తోసుకోవచ్చు. వంగక్కర్లేదు, నెత్తిన పెట్టక్కర్లేదు. గచ్చుకి, కాలవకి, డ్రమ్ముకి కలిపి ఒక వరసకి 38 వేలు అయ్యాయి. బండి, పార 6,500.

ఫలితం ఎలా ఉందో కూడా చెప్తాను. ఇంతకుముందు రాత్రిపూట చెంబు పట్టుకుని కాపలా కాస్తే 8, 10 లీటర్ల పంచితం దొరికేది. ఇప్పుడు నాలుగు ఆవుల నుంచి ఒక రాత్రికే 15 లీటర్ల పైన డ్రమ్ములో చేరుతోంది. నాలుగున్నర ఎకరాలకి 15 రోజులకి ఒకసారి 45 లీటర్లు కావాలి, అది మూడు రాత్రుల్లో వస్తోంది. పేడ రోజుకి రెండుసార్లు కాదు, ఐదుసార్లు లాగుతున్నాం. ఒక్కోసారికి ఐదారు నిమిషాలు. పొద్దున కళ్ళ మంట పోయింది.

కుదరనిది కూడా ఉంది. కొత్త గచ్చు గరుకుకి ఒక ఆవు మోకాలు చెక్కుకుంది, కింద గడ్డి పరవాల్సి వచ్చింది. ఆ గడ్డి కాలవలో చేరి జల్లెడ రోజూ మూసుకుపోతోంది. జల్లెడ ముందు ఇటుకలు నిలబెట్టి చూస్తున్నాం, ఇంకా తేలలేదు. ఎవరైనా దీనికి ఉపాయం కనిపెట్టి ఉంటే ఫోటో పంపండి.

మానేసిన ఆవిడ దగ్గరికి వెళ్ళి బండి సంగతి చెప్పాను. వచ్చి చూసింది, పార పట్టుకుని ఒక వరస లాగింది. "ఇది పదేళ్ళ కిందటే చేయించొచ్చుగా బాబూ" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పుడు పూటకి వస్తోంది, మోత పని మాత్రం నాది.

కింది వీడియోలో కాలవ చివరి రెండు దారులూ, బిరడా దగ్గర నుంచి చూపించాను. మీ చావిడి వాటం తెలుసుకోవాలంటే గాడి దగ్గర ఒక బకెట్ నీళ్ళు ఒంపి ఎటు పోతాయో చూడండి, చాలు. మా గేదెల వరస ఇంకా పాత గచ్చే. వచ్చే సోమవారం మేస్త్రి వస్తానన్నాడు, ఇసుక దింపించాం.