పశువుల కొట్టంలో పాము: సభ్యులు తెలుసుకోవలసిన పాఠం



మేము గ్రామ సంఘాలకు వచ్చినప్పుడు తరచు వినే మాట ఒకటి ఉంది. "నిన్న నాలుగు లీటర్లు ఇచ్చిన గేదె ఈ పూట రెండున్నరే ఇచ్చిందండీ. రాత్రి జెర్రిపోతు వచ్చి కాళ్లకు చుట్టుకొని తాగిపోయినట్లుంది" అంటారు. మనం పాల సంఘం సభ్యులం కనుక పాఠాన్ని ఇక్కడినుంచే మొదలుపెడదాం.

పాము పాలు తాగుతుందా?

తాగదు. చన్ను పట్టి పీల్చడానికి పాము నోరు పనికిరాదు. దాని పళ్లు సూదుల్లా ఉండి లోపలికి వంగి ఉంటాయి. పట్టుకుంటే చన్ను చీరుకుపోతుంది, గేదె ఊరుకోదు. పాము ఆహారం ఎలుకలు, కప్పలు, తొండలు. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోయడం మన ఆచారం, దాన్ని గురించి మేము చెప్పేది ఏమీ లేదు. పట్టి తెచ్చిన పాముచేత బలవంతంగా పాలు తాగించడం మాత్రం దానికి హాని.

మరి పాలు ఎందుకు తగ్గాయి? మేత మారి ఉండవచ్చు, నీరు చాలక ఉండవచ్చు, దూడ తాడు తెంపుకొని తాగి ఉండవచ్చు. అన్నిటికంటె ముందు అనుమానించవలసింది పొదుగువాపు. తొలి ధారలను నల్లని గుడ్డమీద పిండి చూడండి. పెరుగు తరకల వంటివి కనిపిస్తే వెంటనే పశువైద్యునికి చూపించండి. నెపం పాముమీద వేసి నాలుగు రోజులు ఊరుకుంటే ఒక చన్ను శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది.

పాము మన కొట్టానికి ఎందుకు వస్తుంది?

దాణా చల్లిన చోటికి ఎలుక వస్తుంది. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుంది. గడ్డివాము, పిడకల గూడు, కట్టెల మోపు, పాత ఇటుకల కుప్ప ఎలుకకూ పాముకూ కూడా మంచి ఇళ్లు. కుడితి తొట్టి దగ్గరి తేమకు కప్పలు చేరతాయి. ఇప్పుడు పట్టణ శివార్లలో ఇళ్లు పొలాలలోకి వెళ్లాయి, చెత్త కుప్పలు పెరిగాయి. అందుచేత ఈ మాట పల్లెకే కాదు, శివారు కాలనీలో రెండు గేదెలు పెట్టుకున్నవారికీ వర్తిస్తుంది.

మన రాష్ట్రాలలో ఎక్కువ మందికి ప్రాణహాని చేసేవి నాలుగు పాములు:

1. నాగుపాము: పడగ విప్పుతుంది. కాటు దగ్గర నొప్పి, వాపు ఉంటాయి. తరువాత కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, ఊపిరి కష్టమవుతుంది.

2. కట్లపాము: నల్లగా మెరుస్తూ సన్నని తెల్లని కట్లతో ఉంటుంది. రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కనిపించక పోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోతుంటే అజీర్ణమని ఇంట్లో ఉంచరాదు.

3. రక్తపింజర: లావుగా, వీపుమీద గొలుసువంటి మచ్చలతో ఉంటుంది. గట్టిగా బుస కొడుతుంది. కాటు వాచిపోతుంది, రక్తం గడ్డకట్టదు, చిగుళ్లనుంచి కారవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

4. చిన్నపింజర: మెట్ట నేలలలో, రాళ్లసందులలో ఉంటుంది. చిన్నదని తేలికగా తీసుకోరాదు. దీని విషం కూడా రక్తాన్ని చెడగొడుతుంది.

జెర్రిపోతు, నీరుకట్టు విషపాములు కావు. జెర్రిపోతు ఎలుకలను తిని మన ధాన్యాన్ని, దాణాను కాపాడుతుంది.

నష్టం ఎంత?

2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారు. అంటే సగటున ఏడాదికి 58 వేల మంది. వీరిలో దాదాపు సగం మంది జూన్, సెప్టెంబరు నెలల మధ్య, అంటే వానకాలంలో చనిపోయారు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మరణించేవారిలో అధికులు పల్లెవాసులు, మనవంటి వారే. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఆ పనిలో కొంత మన కొట్టంలోనే జరగాలి.

మన చేతిలో ఉన్న జాగ్రత్తలు

1. తెల్లవారకముందు పాలు పితకడానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, కాళ్లకు చెప్పులు తప్పనిసరి. కాట్లు ఎక్కువగా పాదాలమీద, చీలమండల దగ్గర పడతాయి.

2. గడ్డి లాగేముందు, పిడకలు తీసేముందు కర్రతో తట్టండి. కనిపించని సందులో చెయ్యి పెట్టరాదు.

3. గడ్డివామును, కట్టెలను ఇంటి గోడకు ఆనించి వేయకండి. దాణా బస్తాలను నేలమీద కాక చెక్కబల్లమీద పెట్టండి. ఒలికిన దాణా ఏ పూటకాపూట ఊడ్చండి. ఎలుక బొరియలు పూడ్చండి.

4. నేలమీద పడుకోకండి. మంచం వేసుకొని, దోమతెర అంచులను పరుపు కిందికి దోపండి. దోమలకు కట్టిన తెర కట్లపామునుంచి కూడా కాపాడుతుంది.

5. పాము కనిపిస్తే దూరంగా జరిగి దానికి దారి వదలండి. చంపబోయి కాటు తిన్నవారు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపామును, రక్తపింజరను చంపడం నేరం కూడా. అటవీ శాఖవారికి కబురు చేయండి.

కాటు పడితే

పూర్వం పాఠ్యపుస్తకాలలో కూడా కాటుకు పైన తాడు బిగించి కట్టమని చెప్పేవారు. ఇప్పుడు వైద్యులు అది వద్దంటున్నారు. బిగించి కడితే రక్తం ఆడక కాలో చెయ్యో చెడిపోతుంది. గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, పసరు పోయరాదు, మిరపకాయ తినిపించి పరీక్షించరాదు.

చేయవలసినవి ఇవి. రోగికి ధైర్యం చెప్పి పడుకోబెట్టండి. నడవనివ్వకండి. కడియాలు, మెట్టెలు, ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీసివేయండి. ఎముక విరిగినప్పుడు కట్టినట్లు ఆ అవయవం కదలకుండా బద్దతో వదులుగా కట్టండి. వాంతులైతే పక్కకు తిప్పండి. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన వాహనంలో ఆసుపత్రికి చేర్చండి. పామును వెతికి పట్టి తేవలసిన పని లేదు.

మంత్రం వేయిస్తే బతికినవారు ఉన్నారు కదా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. కరిచే పాములలో చాలావాటికి విషం లేదు. విషపాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. ఆ మనిషి మంత్రం లేకపోయినా బతికేవాడే. నిజంగా విషం ఎక్కినవానికి మాత్రం మంత్రగాని అరుగుమీద గడిచే ప్రతి గంటా ప్రాణంలోనుంచి తరిగిపోతుంది.

ఆ మందు ఎక్కడినుంచి వస్తుంది?

పాము విషాన్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని రక్తంలో తయారైన విరుగుడును వేరుచేసి సూదిమందు చేస్తారు. మన దేశంలో దొరికే మందు పైన చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది. దానికి కావలసిన విషంలో పెద్ద భాగాన్ని సేకరించి ఇచ్చేది కూడా ఒక సహకార సంఘమే. పాములు పట్టడమే వృత్తిగా ఉన్న ఇరుల గిరిజనులు 1978లో చెన్నై సమీపంలో దాన్ని స్థాపించుకున్నారు. పామును పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలివేస్తారు. ఒకనాడు తోలుకోసం పామును చంపిన చేతులే నేడు మన ప్రాణాలు నిలుపుతున్నాయి. సహకారంలో ఉన్న బలం ఇది.

పశువుకు కాటు పడితే

మేసే పశువుకు మూతిమీద, కాలిమీద కాటు పడుతుంది. హఠాత్తుగా మూతి వాచినా, ముక్కునుంచి రక్తం కారినా, పశువు తూలినా కదలనివ్వక 1962కి ఫోను చేయండి. పశువుకు కూడా ఇదే విరుగుడు మందు ఉంది. చికిత్సలో ఉన్న పశువు పాలను వైద్యుడు అనుమతించేవరకు కేంద్రంలో పోయకండి.

సంఘం చేయవలసిన పని

ఈ నెల సమావేశంలో ఈ పాఠాన్ని చదివి వినిపించి, మూడు ప్రశ్నలు చర్చించండి. మనకు దగ్గరలో పాముకాటు మందు నిలవ ఉన్న ఆసుపత్రి ఏది? అర్ధరాత్రి వాహనం ఎవరి ఇంట దొరుకుతుంది? ఊరిలో ఇంకా నేలమీద పడుకునే సభ్యులు ఎందరు? మొదటి రెండింటికి జవాబులను పాల కేంద్రం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. రెండు పూటలా ఊరంతా వచ్చే గోడ అది. మూడవదానికి జవాబు ఎంత వచ్చినా, వానకాలం రాకముందే అది సున్న కావాలని మా కోరిక.