నమూనా విమానమునకు రోడ్డుమీది ప్రయాణము

ఆకాశమున నెగురుటకై చేసిన వస్తువును భూమిమీద పది మైళ్లు గొనిపోవుట కష్టమనిన వినువారికి నవ్వు రావచ్చును. కాని రేడియోచే నడుపబడు నమూనా విమానముల విషయమున నిది నిజము. ఈ క్రీడకు అమెరికాలో మిక్కిలి వ్యాప్తి కలదు. అచ్చటి అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్ అను సంఘము 1936వ సంవత్సరమున స్థాపింపబడెను. ఇండియానా రాష్ట్రమున మన్సీ పట్టణమునొద్ద దానికి సుమారు 1,000 ఎకరముల స్థలము కలదు. పోటీలకై వచ్చువారు తమ విమానములను కార్లలో పెట్టుకొని దూరప్రాంతములనుండి వత్తురు. మన దేశమున నేషనల్ కేడెట్ కోరు వైమానిక విభాగపు విద్యార్థులును నమూనా విమానముల నిర్మాణమును అభ్యసింతురు. కావున ఈ పాఠము మన బాలబాలికలకును ఉపయోగపడును.

గాలిలో పల్టీలు కొట్టియు చెక్కుచెదరక దిగు విమానము కారులో నేల విరుగవలెను? బలమనునది వస్తువునందంతటను ఒక్క తీరున నుండదు. ఏ దిక్కున ఎట్టి భారము వచ్చునో దానిని బట్టి శిల్పి బలము నమర్చును. ఎగురునపుడు గాలి యొత్తిడి రెక్క యంతటను పరచుకొని యుండును. రెక్కలోని దూలము దానిని మోయును. రెక్కమీద కప్పిన పలుచని పొరయో, వ్రేలితో గట్టిగ నొక్కినను చిల్లిపడును. నిండ నీటిని మోయు కుండ చిన్న రాతి దెబ్బకు పగులుట మనమెరిగినదే కదా!

ఒక లెక్క చేసి చూతము. కారు గంటకు 40 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు సుమారు 11 మీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. ఏదో అడ్డము వచ్చుటచే బ్రేకు వేయగా 10 మీటర్లలో నిలిచెను. అప్పుడు ప్రతి సెకనుకు దాని వేగము సుమారు 6 మీటర్ల చొప్పున తగ్గినదన్నమాట. లోపలి విమానము బరువు 2.5 కిలోగ్రాములైన, దానిని కూడ ఆపుటకు 15 న్యూటన్ల బలము కావలెను. ఇది కిలోన్నర బరువు మీద పడినట్లే. విమానపు తోకను కారు ముందువైపునకు పెట్టినచో ఈ భారమంతయు పలుచని తోకపలకలమీద పడును. ముక్కును ముందువైపునకు పెట్టి, దానికి మెత్తని దిండు ఆనించినచో, మోటారును మోయు గట్టి భాగమే ఆ తాకిడిని భరించును.

మీటరున్నర పొడవుగల రెక్క సామాన్యమైన కారులో అడ్డముగ ఇముడదు. అందుచే అనేక విమానములకు రెక్కలను ఊడదీయుటకు వీలుగ మరలు అమర్తురు. ఊడదీసిన రెక్కను మెత్తని సంచిలో నుంచి, మందమైన ముందంచు క్రిందికి వచ్చునట్లు నిలబెట్టవలెను. వెనుకంచు పలుచన, పైగా కదలెడి పలకలు అచ్చటనే యుండును. వానిమీద భారము పడినచో, వానిని త్రిప్పు సర్వో యనెడి చిన్న యంత్రపు పండ్లు విరుగవచ్చును. మొండెమును స్పాంజి గాళ్లలో కూర్చుండబెట్టి పట్టీతో కట్టవలెను. పనిముట్ల పెట్టెను విమానము ప్రక్కన విడిగ నుంచరాదు. ఊడదీసిన మరలను ఒక డబ్బీలో వేసి, ఆ డబ్బీని రెక్కల సంచిలోనే యుంచుట మేలు; మర యొక్కటి మరచినను ఆ దినపు ప్రయాణము వ్యర్థము.

ఎండ మరియొక శత్రువు. ఎండలో మూసి నిలిపిన కారులోపలి వేడి ఒక గంటలో బయటి వేడికంటె 20 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా పెరుగగలదు. ఆ వేడికి రెక్కమీది పొర ముడుతలు పడును. నురుగు పదార్థముతో చేసిన రెక్క వంగిపోవును. అంతకంటె ముఖ్యముగ లిథియం పాలిమర్ బ్యాటరీని అట్టి కారులో విడువరాదు. అది చెడినను, చిల్లిపడినను, దాని రెండు కొనలు పరస్పరము తగిలినను మంట లేవవచ్చును. కొనలకు తొడుగు వేసి, నిప్పును నిరోధించు సంచిలో వేరుగ గొనిపోవలెను. ఉబ్బిన బ్యాటరీని వాడనేరాదు. మైదానము చేరి, అన్నియు సిద్ధమైన పిమ్మటనే దానిని విమానమునకు తగిలింపవలెను.

చేరిన వెంటనే ఎగురవేయుటకు తొందరపడరాదు. రెక్కలు బిగిసినవా, తోక నిలకడగ నున్నదా, పలకలను కదల్చు కడ్డీలు వంగినవా, కుడికి త్రిప్పినపుడు చుక్కాని కుడికే తిరుగుచున్నదా, గురుత్వకేంద్రము సరియైన చోటనే యున్నదా, కొంతదూరము నడచిపోయినను రేడియో సంకేతము అందుచున్నదా అని వరుసగ చూడవలెను. దారిలో వంగిన చిన్న కడ్డీ నేలమీద నెవ్వరికిని కనబడదు. విమానము జనుల తలలమీదుగ మరలునపుడు బయటపడును. అప్పుడు పాడగునది నెలల తరబడి చేసిన చేతిపని మాత్రమే కాదు, క్రింద నిలిచిన పిల్లవాని ప్రాణమునకే అపాయము.

కావున విద్యార్థులారా, ఒక వస్తువును జాగ్రత్తగ మోయవలెనన్నచో అది ఎచ్చట బలముగలదో, ఎచ్చట బలహీనమో ముందుగ తెలిసికొనుడు. గాజుసామాను మోయువానికిని, రోగిని మంచముతో నెత్తువానికిని ఇదియే మొదటి పాఠము. విమానమును ఎగురవేయు నేర్పు మైదానమున కనబడును. దానిని క్షేమముగ అచ్చటికి చేర్చు నేర్పు ఇంటివద్దనే, కారు తలుపు మూయకముందే, ఆరంభమగును.