సాగరహారము – ఒక చిత్రము నేర్పిన పాఠము

ప్రత్యేక రాష్ట్రమును కోరుచు 2012 సెప్టెంబరు 30న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరమున జరిగిన సాగరహారములో, విద్యార్థులముగా నున్న మేమును నడిచితిమి. అది నిరసనయే, అయినను జాతరవలె తోచెను. డప్పు మ్రోగెను, ధూంధాం పాటలు సాగెను. దారిలో విద్యార్థులపై బాష్పవాయువు ప్రయోగింపబడెను. సాయంకాలము వానలోను జనము నిలిచియుండిరి.

పిదప ఆ దృశ్యమును చిత్రించితిమి. డప్పులు, జెండాలు, పాడుచున్న ముఖములు – రంగులన్నియు కుదిరినవి. మా తల్లిగారు చూచి, "బేటా, ఆనాడు ఎర్రబడ్డ కండ్లతోని ఇంటికొచ్చినవు. ఆ పొగ ఏది?" అని అడిగిరి. మాకు జవాబు తోచలేదు. పటములో ఒక మూల బూడిదరంగు పూసితిమి. అప్పుడే డప్పు పట్టిన చేతులకు అర్థము కలిగినది.

2014 జూన్ 2న రాష్ట్రము అవతరించినది. విద్యార్థులారా! ఉత్సవమును మాత్రమే నిలుపు కళ సగము సాక్ష్యమే. మీరు చూచినదానిని వ్రాయునపుడు, గీయునపుడు, పాటతోపాటు పొగను కూడ విడువకుడు.