ఇంట్లో హాట్ టబ్ పెట్టాలా? యాప్ ఫీచర్ల కంటే ముందు ఈ 3 లెక్కలు చూడండి

గాలి నింపే హాట్ టబ్‌లు ఇప్పుడు వైఫై, మొబైల్ యాప్ కంట్రోల్‌తో కూడా వస్తున్నాయి. ఫోన్‌లో ఒక్క ట్యాప్ చేస్తే హీటర్ ఆన్. కానీ స్పెసిఫికేషన్స్‌లో నేను ముందు చూసేది బరువు, కరెంటు, నీళ్లు. పద్మనాభంలోని మా ఇంటికి 1.8 మీటర్ల వెడల్పు, 800 లీటర్లు, 2 కిలోవాట్ల హీటర్ ఉన్న మోడల్ అనుకుని లెక్క వేశాను.

బరువు: లీటరు నీళ్లంటే కిలో. నలుగురు కూర్చుంటే ఇంకో 280. మొత్తం 1,080 కిలోలు, అంటే చదరపు మీటరుకి దాదాపు 425. మనుషులు తిరిగే డాబాకి ఐఎస్ 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే లైవ్ లోడ్ సుమారు 150 కిలోలే! అందుకే నా ఓటు పెరట్లో చదునైన కాంక్రీట్ బెడ్‌కే. డాబా మీదే కావాలంటే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడగాల్సిందే.

కరెంటు: 230 వోల్ట్స్ దగ్గర హీటర్ ఒక్కటే దాదాపు 9 యాంప్స్ లాగుతుంది. పంపు, బ్లోయర్ అదనం. 16 యాంప్స్ ప్రత్యేక లైన్, మంచి ఎర్తింగ్, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎంసీబీ ఉంది కదా అనుకోవద్దు. అది కాపాడేది వైర్లని, షాక్ నుంచి మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వాడకండి.

నీళ్లు: 28 డిగ్రీల నుంచి 38కి రావాలంటే 9.3 యూనిట్లు, మూత వేసి ఉంచినా కనీసం 4 గంటల 40 నిమిషాలు. 40 డిగ్రీలు దాటనివ్వకండి. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువైతే హీటర్‌కి తెల్లగా గార పడుతుంది, ముందే టెస్ట్ చేయించండి.

ఈ మూడూ ఓకే అయ్యాకే యాప్ ఫీచర్లు పోల్చి చూడండి.