నలుగురు కూచుంటేనే బొంత

పెద్దయ్యాక స్నేహితులు దొరకరన్న మాట ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ఫోన్‌లో వందల నంబర్లుంటాయి. అర్ధరాత్రి ఆపద వస్తే ఏ నంబరుకు చేయాలో తోచదు. లోపం మన స్వభావంలోనే ఉందనుకుని, చక్కగా మాట్లాడటం నేర్పే పుస్తకాలు కొంటాం. మనకు మాటలకు కొదవ లేదు. కరువైంది కలిసి చేసే పని. ఈ సంగతి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బొంతలు కుట్టే ఆడవాళ్లను చూస్తే తెలుస్తుంది.

యాసంగి కోతలు ముగిసి, మృగశిర కార్తెకు ఇంకా రోజులున్నప్పుడు ఈ మెట్ట ప్రాంతంలో చేతులకు కాస్త తీరిక దొరుకుతుంది. పెట్టెల్లోని పాత నూలు చీరెలు, ధోవతులు అప్పుడు బయటికొస్తాయి. వాటిని ఉతికి ఆరేసి, వేపచెట్టు నీడనో అరుగు మీదనో పొరలు పొరలుగా పరుస్తారు. చిరుగులున్నవి లోపలికి పోతాయి. మెత్తగా, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ వస్తాయి. గుడ్డ జరగకుండా మూలలకు రాళ్లు పెట్టి, ముందు పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. తరువాత తలా ఒక పక్క కూర్చుని వరసలు కుట్టుకుంటూ పోతారు. ఒక్కతే కూర్చుంటే రోజుల తరబడి సాగే పని, నలుగురు కూచుంటే కొన్ని మధ్యాహ్నాల్లో తెములుతుంది.

ఆ మధ్యాహ్నాల్లో బొంతతో పాటు మనుషులూ తయారవుతారు.

సమయం పెట్టనిదే స్నేహం లేదు

అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో స్నేహాల మీద ఒక అధ్యయనం వెలువరించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారాలంటే సుమారు 50 గంటలు, నిలకడైన స్నేహం కావాలంటే 90 గంటలు, ప్రాణస్నేహం కావాలంటే 200 గంటలకు పైగా కలిసి గడపాలని ఆయన అంచనా. ఉద్యోగంలో పక్కపక్కన గడిచిన సమయం మనుషుల్ని అంతగా దగ్గర చేయలేదనీ, ఇష్టపడి కలిసి గడిపిన సమయమే చేసిందనీ ఆయన గమనించారు.

పెళ్లిలో పది నిమిషాలు, పండుగకు ఒక సందేశం పంపి ఊరుకుంటే ఆ గంటలు ఎప్పటికి నిండుతాయి? బొంత దగ్గర అవి తెలియకుండానే నిండుతాయి. చూపు సూది మీద ఉంటుంది కాబట్టి ఎదుటివాళ్ల ముఖంలోకి చూసి చెప్పలేని మాట కూడా పెదవి దాటుతుంది. ఎండిపోయిన బోరు, తీరని అప్పు, అత్తింట్లో బిడ్డ పడుతున్న బాధ అన్నీ అక్కడికి వస్తాయి. వినేవాళ్లు వెంటనే సలహా చెప్పరు. ఊఁ కొడుతూ కుట్టుకుంటూ పోతారు. బాధలో ఉన్న మనిషికి చాలాసార్లు కావలసింది అదే.

తప్పు చెప్పే పద్ధతి

ఒకరు దారం బిగించి, పక్కవాళ్లు వదులుగా కుడితే గుడ్డ ముడతలు పడుతుంది. అందుకే ఎవరి చేతివాటం వారిదని వదిలేయడానికి వీల్లేదు. "వదినె, నీ వరస ఎడమైంది, జర దగ్గరికి కుట్టు" అంటుంది పక్కనున్నామె. వదినె నాలుగు కుట్లు విప్పి మళ్లీ కుడుతుంది. ఇద్దరి మధ్యా ఏ పొరపొచ్చెమూ రాదు.

ఎందుకు రాదో ఆలోచించాలి. ఆ మాట కుట్టు గురించే తప్ప మనిషి గురించి కాదు. తప్పు జరిగిన క్షణానే వచ్చింది, నెలలు దాచుకుని పదిమందిలో విసిరింది కాదు. పైగా చెప్పినామె కూడా అదే బొంత మీద వంగి ఉంది. ఇంట్లో పిల్లలకు చెప్పినా, ఆఫీసులో కింద పనిచేసేవాళ్లకు చెప్పినా ఈ మూడూ పాటిస్తే మన మాట ముల్లులా గుచ్చుకోదు.

అడగడం కూడా గుణమే

నాట్లకూ కలుపులకూ బదులు పోయినట్టే, బొంతకూ పోతారు. ఇవాళ నీ బొంతకు నేను, రేపు నా బొంతకు నువ్వు. సాయం చేయడం మంచి గుణమని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. సాయం అడగడమూ మంచి గుణమేనని ఎవరూ నేర్పలేదు. ఎవరినీ ఏదీ అడగని మనిషి గౌరవంగా బతుకుతున్నాననుకుంటాడు. అటువంటి మనిషిని అడగడానికి ఇతరులూ వెనకాడతారు. అడిగినప్పుడు, నీ అవసరం నాకుందని ఎదుటివారికి చెప్పినట్టవుతుంది. తరతరాలుగా వలసపోయిన పాలమూరు కూలీలు ఊళ్లో ముసలివాళ్లను ఇరుగుపొరుగు మీద నమ్మకంతోనే వదిలి వెళ్లారు. అటువంటి నమ్మకం ఇటువంటి ఇచ్చిపుచ్చుకోవడాల్లోనే గట్టిపడుతుంది.

స్నేహం బలమవుతుంది

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పేద నల్లజాతి స్త్రీలు పాత బట్టలతో మన బొంతల్లాంటివే కుట్టుకునేవారు. పౌరహక్కుల ఉద్యమ కాలంలో, ఓటు కోసం నిలబడినందుకు కొన్ని కుటుంబాలు ఉన్న ఇళ్లు పోగొట్టుకున్నాయి. ఆ స్త్రీలు 1966లో 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకుని, బొంతలు అమ్మి తమ కాళ్ల మీద నిలబడ్డారు. ఆ ప్రాంతంలోని జీస్ బెండ్ ఊరి బొంతలను 2002 నుంచి పెద్ద మ్యూజియాలు ప్రదర్శనకు పెట్టాయి.

మన దగ్గర 1982లో మొదలైన డ్వాక్రా పథకంతోనూ, ఆ తరువాతి పొదుపు సంఘాలతోనూ పది పదిహేనుమంది ఆడవాళ్లు ఒక జట్టుగా కూడి, ఒకరి బాకీకి ఒకరు పూచీ పడటం నేర్చుకున్నారు. పూచీ పడాలంటే ఎదుటి మనిషి మాట ఎంత గట్టిదో తెలియాలి. కలిసి పనిచేసిన చోటే అది తెలుస్తుంది.

మనం చేయదగ్గవి

బజారులో చవక దుప్పట్లు వచ్చాక బొంత కుట్టేవాళ్లు తగ్గారు. బొంత లేకున్నా ఆ పద్ధతిని మన రోజుల్లోకి తెచ్చుకోవచ్చు.

చేతులతో చేసే పని ఒకటి ఎంచుకోండి. ఆవకాయ పెట్టడం, బడి ఆవరణలో మొక్కలు నాటడం, పాత చీరెలతో పసిపిల్లలకు చిన్న బొంతలు కుట్టడం, ఏదైనా సరే. వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకోండి. నలుగురైదుగురు చాలు. ఫోన్లు దూరంగా పెట్టండి. జట్టులో ఒక పెద్దవయసు మనిషి, ఒక చిన్నపిల్ల ఉండేలా చూడండి. దేవరకొండ తండాల్లో లంబాడా ఆడపిల్లలకు అద్దాల కుట్టు అవ్వల పక్కన కూర్చునే అబ్బింది. తయారైన వస్తువు ఒక్కోసారి ఒక్కొక్కరి ఇంటికి చేరాలి.

మొదటి రెండు వారాలు మాటలు దొర్లకపోవచ్చు. కంగారు పడకండి, పని సాగనివ్వండి. మూడో వారం ఎవరో ఒకరు రాకపోతే, ఏమైందోనని వాళ్ల ఇంటికి వెళ్లి కనుక్కోండి. మీరు రాని వారం మీ తలుపు తట్టడానికి ఒక మనిషి ఉంటుంది.