‘నేనింతే’ అనే ముందు

“నాకు లెక్కలు రావు.” “నాకు కోపం ఎక్కువ, పుట్టుకతోనే అంతే.” “నలుగురి ముందు నాకు నోరు పెగలదు.” ఇలాంటి మాటలు ఎంత ధీమాగా అంటామో! వీటిని కుదుళ్లతో కదిలించే ఆలోచనను దాదాపు 1,800 ఏళ్ల కిందటే బౌద్ధ తత్వవేత్త ఆచార్య నాగార్జునుడు చెప్పాడు. మన నాగార్జునకొండ పేరు ఆయనదే. శాతవాహన రాజుకు మిత్రుడని సంప్రదాయం చెబుతుంది. ఆ ఆలోచనే శూన్యత.

శూన్యత అనగానే ‘ఏమీ లేదు, అంతా మాయ’ అనుకుంటారు చాలామంది. నాగార్జునుడు చెప్పింది అది కాదు. ఆయన గ్రంథం ‘మూలమధ్యమకకారిక’ 24వ ప్రకరణంలో ప్రత్యర్థి నిలదీస్తాడు: అంతా శూన్యమైతే బుద్ధుడి బోధ, సాధన, ఫలితం అన్నీ కొట్టుకుపోవా? నాగార్జునుడు ఆ ప్రశ్నను అడిగినవాడి మీదికే తిప్పుతాడు. మారని సొంత స్వభావం ఉందంటేనే అన్నీ కొట్టుకుపోతాయి. దుఃఖం స్వభావసిద్ధమైతే దాన్ని పోగొట్టేదెవరు? కారణాలను ఆనుకుని పుట్టింది కనకే అది పోతుంది. అలా ఆనుకుని పుట్టడాన్నే ఆయన శూన్యత అన్నాడు.

ఇప్పుడు లెక్కల దగ్గరకు రండి. ఏడో తరగతిలో జ్వరంతో బడి మానేసిన రోజులు, బోర్డు దగ్గర నిలబెట్టి అందరిలో నవ్వులపాలు చేసిన మాస్టారు, అక్క మార్కులతో పోలిక, ఆ తర్వాత పుస్తకమే తెరవని అలవాటు. ఇవన్నీ తీసేస్తే ‘లెక్కలు రాని నేను’ విడిగా ఎక్కడున్నాను? కాగితం తీసుకుని మీ కారణాలు మీరు రాయండి. వాటిలో ఒకటో రెండో ఈనాటికీ మీ చేతిలోనే ఉంటాయి. పని అక్కడ మొదలుపెట్టండి. ‘ఆత్మవిశ్వాసం పెంచుకోండి’ అని ఊరికే చెప్పడం కన్నా ఇది ఎన్నో రెట్లు పనికొస్తుందని నా గట్టి నమ్మకం. గెలుపుకూ ఇదే కాగితం వాడండి. ఫీజు కట్టిన అమ్మానాన్న, తప్పులు దిద్దిన సీనియర్ అందులో కనిపిస్తారు.

అయితే జాగ్రత్త. శూన్యతను తప్పుగా గ్రహించడం పామును తప్పుగా పట్టుకోవడం లాంటిదని నాగార్జునుడే హెచ్చరించాడు. ‘అంతా శూన్యమే, ఇక కష్టపడటం దేనికి’ అనే మాట సరిగ్గా ఆ పట్టే. వ్యవహార సత్యాన్ని, అంటే రోజువారీ లోకంలో చెల్లే నిజాన్ని, ఆయన తోసిపుచ్చలేదు. ఈఎంఐ తేదీకి కట్టాల్సిందే. ఇచ్చిన మాట నిలుపుకోవాల్సిందే.

ఈ ఆలోచన మనిషిలో ఆర్ద్రతను ఎండగడుతుందని భయపడేవాళ్లు ఆయన రాజుకు చెప్పిన ‘రత్నావళి’ చదవాలి. ఖైదీల గురించి చెప్పిన చోటు నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. విడుదలయ్యేదాకా వాళ్లకు స్నానం, క్షౌరం, తిండి, మందులు, బట్టలు అమర్చమన్నాడు. శిక్షించాల్సి వస్తే కొడుకును దారిలో పెట్టే తండ్రిలా దయతో శిక్షించమన్నాడు, ద్వేషంతో కాదు. తప్పు చేయడమే ఒకరి స్వభావమని నమ్మేవాడు ఇలా చెప్పలేడు.

మీ ఆఫీసులోనూ ‘వాడంతే’ అని ముద్ర వేసి వదిలేసినవాళ్లు ఒకరైనా ఉంటారు. ఈ వారం ఆ మాట వాడకండి. ఏ పని ఆగింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది? అతన్నే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.