మన ఫుట్‌బాల్ జట్టు ఈ ఏటి ఆట – రహీం సాహెబ్ శిక్షణా పద్ధతి : ఒక పరిశీలన

ఈ విద్యా సంవత్సరం మన కళాశాల ఫుట్‌బాల్ జట్టు అంతర కళాశాలల పోటీలలో నాలుగు ఆటలు ఆడింది. రెండింట గెలిచి, ఒకదానిని సమం చేసుకొని, సెమీ ఫైనల్‌లో ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. నోటీసు బోర్డు మీద ఈ సంగతి మూడు పంక్తులలో ముగిసింది. కాని ఆ ఓటమిని కళ్లారా చూసిన క్రీడా సంఘ సభ్యులమైన మాకు అది మూడు పంక్తుల విషయంగా తోచలేదు. పైగా, ఫుట్‌బాల్‌కు కేటాయించే సొమ్మును వచ్చే ఏడు మరొక పద్దుకు మళ్లించాలనే ఆలోచన పాలకవర్గంలోని కొందరు పెద్దలకు ఉన్నట్లు విన్నాము. అందుచేత వారి ముందు, మన విద్యార్థుల ముందు ఈ పరిశీలనను ఉంచుతున్నాము.

సెమీ ఫైనల్‌లో మొదటి అర్ధభాగమంతా మనదే. బంతి చాలాసేపు మన కుర్రవాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. అయినా గోలు పడలేదు. మన ఫార్వర్డ్‌లలో మంచి నేర్పరి అయిన విద్యార్థి ఒకరిని తప్పించి, ఇద్దరిని తప్పించి, మూడవవానిని కూడా దాటి, నాలుగవవాని దగ్గర బంతిని పోగొట్టుకొనేవాడు. ఆ సమయంలో ఎడమ అంచున మరొక ఆటగాడు ఎవరి కాపలా లేకుండా చేయెత్తి నిలబడి ఉండేవాడు. అతనికి బంతి అందిన రెండు సార్లూ, దానిని కుడికాలికి మార్చుకొనేలోగా ఎదుటి జట్టు రక్షకులు సర్దుకొన్నారు. అవతలివారు ఒకే ఒక మంచి అవకాశంలో మూడు చిన్న పాసులతో గోలు చేసి వెళ్లిపోయారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టింది మాత్రం మన కుర్రవాని డ్రిబ్లింగ్‌కే. నిజం చెప్పవలసి వస్తే, మేమూ కొట్టాము.

అంటే లోపాలు రెండు: బంతిని విడువలేకపోవడం, ఒంటికాలి ఆట. ఈ రెంటికీ మందు వెదుకుతూ దూరదేశాల గ్రంథాలు తిరగవేయనక్కర లేదు. మన హైదరాబాదులోనే ఒక బడిపంతులు డెబ్బది ఏళ్ల క్రితం ఆ మందును తయారుచేసి వాడి చూపించారు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో ఈ నగరంలో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ ఆ జట్టు పక్షాన ఆడారు. తరువాత పాఠశాలలలో ఉపాధ్యాయులుగా పనిచేసి, వ్యాయామ విద్యలో శిక్షణ పొందారు. 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరుగుతుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు గెలుచుకొన్నది. 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్పు కూడా మన నగరానికి వచ్చింది. 1956–57, 1957–58 సంవత్సరాలలో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని వరుసగా సాధించింది. 2024లో విడుదలైన ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వల్ల రహీం సాహెబ్ పేరు నేటి విద్యార్థులకు కూడా పరిచయమైనది. సంతోషమే. అయితే వెండితెరకు కావలసింది పతకం. మాకు కావలసింది పతకానికి ముందు గడచిన సాయంత్రాలు.

రహీం సాహెబ్ విచిత్రమైన పోటీలు నడిపేవారు. వాటిలో ఒకటి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ. మరొకటి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీ. వినడానికి ఇవి పిల్లల ఆటలుగా కనిపిస్తాయి. ఆలోచించి చూస్తే వీటిలోని యుక్తి బోధపడుతుంది.

డ్రిబ్లింగ్ చేయరాదన్నప్పుడు ఆటగాడు బంతి వచ్చిన తరువాత తల ఎత్తి చూస్తే ఆలస్యమైపోతుంది. బంతి తనవైపు వస్తుండగానే, దానిని ఎవరికి పంపాలో నిశ్చయించుకోవాలి. అంతకన్న ముఖ్యమైన మార్పు బంతి లేనివారిలో కలుగుతుంది. తమ మిత్రుడు బంతిని ఉంచుకోలేడని వారికి తెలుసు. కనుక వారు నిలబడి చేయెత్తితే చాలదు, పరుగెత్తి ఖాళీలోకి రావాలి. బంతి ఉన్నవానికి ఎప్పుడూ ఇద్దరు అందుబాటులో ఉండాలి, అనగా ముగ్గురూ కలిసి ఒక త్రిభుజంగా ఏర్పడాలి. బంతి కదిలిన ప్రతిసారీ ఆ త్రిభుజం మరొకచోట తిరిగి ఏర్పడాలి. శిక్షకుడు గంటసేపు ఉపన్యసించినా అలవడని ఈ గుణం ఒక్క నిషేధం వల్ల అలవడుతుంది. మన ఫార్వర్డ్‌ను మేము ఎన్నిసార్లు మందలించామో లెక్కలేదు, కాని పాస్ ఇవ్వక తప్పని ఆటను ఒక్కనాడైనా ఆడించలేదు.

ఇక బలహీనమైన కాలి సంగతి. కుడికాలివాడు ఎడమవైపు వచ్చిన బంతిని కుడికి మార్చుకోవడానికి ఒక అడుగు, ఒక క్షణం ఖర్చవుతాయి. రక్షకునికి ఆ క్షణమే చాలు. పైగా ఇతడు ఎటు తిరుగుతాడో రక్షకునికి ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లు వచ్చినవానిని ఊహించడం కష్టం. ఆ పోటీలో మొదట అందరూ నవ్వులపాలయి ఉంటారు. నేర్పరికీ కొత్తవానికీ అక్కడ అంత తేడా ఉండదు. ఇది కూడా ఒక ప్రయోజనమే.

ఓటములను రహీం సాహెబ్ జట్టు ఎట్లా వినియోగించుకొన్నదో ఒక ఉదాహరణ చాలు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయింది. మనవారిలో పలువురు అప్పటికింకా బూట్లు లేకుండానే ఆడేవారు. 1956 మెల్‌బోర్న్‌లో సెమీ ఫైనల్‌లో మళ్లీ అదే యుగోస్లావియా ఎదురయింది. ఈసారి మొదటి గోలు చేసింది మనవారే. చివరికి 4–1 తో ఓడినా, ఆ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం దక్కింది. అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివారే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదటి ఆటను దక్షిణ కొరియాకు 2–0 తో పోగొట్టుకొన్న జట్టే, ఫైనల్‌లో అదే కొరియాను 2–1 తో ఓడించి స్వర్ణపతకం తెచ్చింది. అప్పటికే కేన్సరుతో బాధపడుతున్న రహీం సాహెబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరొక స్వర్ణం రాలేదు. నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ వంటి హైదరాబాదీలు పేరు తెచ్చుకొన్నది కలకత్తా క్లబ్బులలో.

పాలకవర్గంవారికి మా మనవి చిన్నది. రహీం సాహెబ్ పోటీలకు ఖరీదైన సామగ్రి అవసరం లేదు. వారంలో రెండు సాయంత్రాలు, నాలుగున్నర నుండి ఆరు వరకు, మైదానాన్ని ఫుట్‌బాల్‌కు మాత్రమే విడిచిపెట్టాలి. ఈ ఏడు మన జట్టు సాధన చేసినప్పుడల్లా మైదానంలో సగం క్రికెట్‌కు, పావుభాగం స్కూటర్లకు పోయింది. మిగిలిన చోట త్రిభుజాలు ఏర్పడవు. మంచి బంతులు నాలుగు కావాలి. ప్రస్తుతం ఉన్నవి రెండు, అందులో ఒకటి గాలి నిలువదు. ఇంతకుమించి మేమేమీ కోరడం లేదు.

కళాశాల తెరచిన మొదటి నెలలోనే తరగతుల మధ్య ‘బలహీనమైన కాలి’ పోటీ జరపాలని క్రీడా సంఘం నిర్ణయించింది. పేర్ల పట్టికను గ్రంథాలయం తలుపు పక్కన అంటించాము. అందులో మొదటి పేరు సెమీ ఫైనల్‌లో నాలుగవవాని దగ్గర బంతి పోగొట్టుకొన్న ఆ విద్యార్థిదే. సెలవులలోనే ఎడమకాలి సాధన మొదలుపెట్టాడు. ప్రస్తుతానికి అతడు కొట్టే బంతి ప్రహరీ గోడ దాటి పక్క వీధిలో పడుతున్నది.